తగ్గిన స్పందన, మిగిలిన రక్షణ: హెచ్‌ఐవీ ఉన్నవారికి ఫ్లూ టీకా

ఫ్లూ టీకా ఒంటికి పట్టిందా లేదా అని తేల్చడానికి ప్రయోగశాలల్లో ఇప్పటికీ వాడేది ఒక పాత పరీక్షే. 1941లో న్యూయార్క్‌లో జార్జ్ హర్స్ట్ అనే వైరాలజిస్టు కోడిగుడ్లలో ఫ్లూ వైరస్‌ను పెంచుతూ ఒక సంగతి గమనించాడు. వైరస్ ఉన్న ద్రవం తగిలితే కోడిపిండం ఎర్ర రక్తకణాలు ఒకదానినొకటి పట్టుకుని గుంపు కడుతున్నాయి. వైరస్ ఒంటి మీద ముళ్ళలా నిలబడి ఉండే హిమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ చేసే పని అది. మన గొంతులోని కణాలను వైరస్ పట్టుకునేదీ ఆ ముళ్ళతోనే. టీకా వేయించుకున్న మనిషి సీరంలో తగిన యాంటీబాడీలు ఉంటే అవి ముళ్ళను కప్పేస్తాయి. అప్పుడు రక్తకణాలు గుంపు కట్టకుండా గుంట అడుక్కి జారి ఎర్రటి బొట్టులా కూర్చుంటాయి. సీరాన్ని పది రెట్లు, ఇరవై రెట్లు, నలభై రెట్లు అలా పలచన చేసుకుంటూ పోయి, ఎంతవరకు ఆ బొట్టు నిలుస్తుందో చూస్తారు. నలభై రెట్లు పలచన చేసినా నిలిస్తే 1:40 అని రాసుకుంటారు. ఆ గీత దాటినవారికి రక్షణ వచ్చినట్టు లెక్క. టీకాకు ముందున్నదానికంటే యాంటీబాడీలు నాలుగు రెట్లు పెరిగితే టీకాకు ఒళ్ళు స్పందించినట్టు లెక్క.

ఈ 1:40కి ఇంత హోదా ఎలా వచ్చిందో తెలుసుకోవడం అవసరం. 1972లో అచ్చయిన ఒక బ్రిటిష్ పరిశోధనలో వాలంటీర్లకు కావాలనే వైరస్ ఇచ్చి చూశారు. ఆ స్థాయికి దరిదాపుల్లో యాంటీబాడీలు ఉన్నవాళ్ళలో వైరస్ అంటుకునే అవకాశం సుమారు సగానికి తగ్గింది. ఆ పరిశోధన చెప్పింది అంతవరకే. గీత దాటితే జబ్బు రాదనీ, దాటకపోతే వచ్చి తీరుతుందనీ అది చెప్పలేదు. పైగా ఆ వాలంటీర్లు ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళు. హెచ్‌ఐవీ ఉన్నవారి మీద జరిగిన పరిశోధనల్లో అధిక భాగం ఇదే కొలబద్దతో సాగింది. దాంతో రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. యాంటీబాడీలు ఎన్ని పుట్టాయన్నది ఒక ప్రశ్న. జబ్బు ఆగిందా అన్నది మరో ప్రశ్న. వీటిని విడదీసి చూస్తేనే విషయం తేటపడుతుందని నా నమ్మకం.

మొదటి ప్రశ్నకు జవాబు ఏనాడో తేలిపోయింది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఫ్లూ టీకాకు యాంటీబాడీలు తక్కువగా పుడతాయి. హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాల లెక్కను సీడీ4 కౌంట్ అంటారు; అది 200 కంటే దిగువన ఉన్నవారిలో బాగా తక్కువ. వైరల్ లోడ్, అంటే రక్తంలో హెచ్‌ఐవీ మోతాదు, ఎక్కువగా ఉంటే ఇంకా తక్కువ. హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వాడుతూ, వైరల్ లోడ్ పరీక్షకు అందనంతగా తగ్గి, కౌంట్ 500 దాటినవారిలో హెచ్‌ఐవీ లేనివారికి చాలా దగ్గరగా వస్తుంది, కానీ కొందరిలో అప్పుడూ తేడా మిగిలే ఉంటుంది. పుట్టిన యాంటీబాడీలు కూడా త్వరగా కరిగిపోతాయి. 2009 నాటి స్వైన్ ఫ్లూ టీకా వేయించుకున్నవారిని ఆరు నెలల పాటు గమనించినప్పుడు ఈ సంగతి బాగా బయటపడింది.

ఎందుకిలా జరుగుతుందన్నదే ఈ మొత్తం వ్యవహారంలో లోతైన భాగం. సీడీ4 కణాలు తగ్గిపోయాయి కాబట్టి టీకా పనిచేయలేదని చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు. అది సగం నిజమే. అసలు కథ చంకలోనో మెడ కిందో ఉండే లింఫ్ గ్రంథుల్లో నడుస్తుంది.

భుజానికి ఫ్లూ సూది వేయగానే టీకాలోని ప్రోటీన్ ముక్కలు దగ్గరలోని లింఫ్ గ్రంథికి చేరతాయి. అక్కడ యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు కొన్ని ఆ ముక్కలను గుర్తుపట్టి ఒకచోట చేరి, వేగంగా పెరగడం మొదలుపెడతాయి. ఆ చోటును జెర్మినల్ సెంటర్ అంటారు. దాన్ని నారుమడి అనుకోవచ్చు. ఆ మడిలో మొలిచే ప్రతి బి కణమూ తన యాంటీబాడీ జన్యువులో చిన్న చిన్న మార్పులు చేసుకుంటుంది. కొన్ని మార్పుల వల్ల వైరస్‌ను పట్టుకునే శక్తి పెరుగుతుంది, ఎక్కువ వాటిల్లో తగ్గుతుంది. ఏ మొలకను ఉంచాలో, దేన్ని పీకెయ్యాలో చూసే రైతులాంటి కణం ఒకటి ఉంది. దాని పేరు ఫాలిక్యులర్ హెల్పర్ టి కణం. అది సీడీ4 కణాల్లోనే ఒక రకం. బాగా అతుక్కునే బి కణాన్ని ఎంచి, దానికి ఐఎల్-21 అనే సంకేతాన్ని నీళ్ళు పెట్టినట్టు అందిస్తుంది. అలా నీళ్ళు తాగిన మొలకలే రేపు ఏళ్ళ తరబడి యాంటీబాడీలు పంపే కణాలుగానూ, జ్ఞాపకం పెట్టుకునే కణాలుగానూ ఎదుగుతాయి.

హెచ్‌ఐవీ కణంలోకి దూరే తలుపు సీడీ4. లింఫ్ గ్రంథుల్లో హెచ్‌ఐవీకి అన్నిటికంటే ఇష్టమైన నివాసం ఈ రైతు కణమే. ఇక్కడే పరిశోధకులను ఆశ్చర్యపరచిన విషయం ఒకటి ఉంది. మందులు వాడని దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్‌లో మొత్తం సీడీ4 కణాలు పడిపోతుంటే, ఈ ఫాలిక్యులర్ హెల్పర్ కణాల సంఖ్య మాత్రం చాలామందిలో పెరుగుతుంది. 2012, 2013 సంవత్సరాల్లో వచ్చిన అధ్యయనాలు దీన్ని లింఫ్ గ్రంథుల ముక్కలు తీసి చూసి నిర్ధారించాయి. మరి రైతులు పెరిగితే పంట పెరగాలి కదా? పెరగలేదు. ఎందుకో 2013లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన చెప్పింది. హెచ్‌ఐవీ ఉన్నవారి జెర్మినల్ సెంటర్లలోని బి కణాల మీద పీడీ-ఎల్1 అనే అణువు ఎక్కువగా ఉంటోంది. రైతు కణం మీద ఉండే పీడీ-1 అనే బ్రేకును అది అదేపనిగా నొక్కుతోంది. దాంతో హెల్పర్ కణం చురుకు తగ్గి, ఐఎల్-21 ఇవ్వడం మానేస్తోంది. మడిలో మనుషులు నిండుగా ఉన్నా చేతులు కదలడం లేదన్నమాట.

లింఫ్ గ్రంథిని కోసి చూడటం ప్రతి రోగికీ కుదిరే పని కాదు. అందుకని రక్తంలో తిరిగే ఈ జాతి కణాలను మయామీ విశ్వవిద్యాలయంలో సవితా పహ్వా బృందం పరిశీలించింది. 2009 స్వైన్ ఫ్లూ టీకాకు స్పందించినవారినీ, స్పందించనివారినీ పక్కపక్కన పెట్టి చూశారు. ఇద్దరూ హెచ్‌ఐవీ ఉన్నవారే, ఇద్దరూ మందులు వాడుతున్నవారే. స్పందించినవారిలో టీకా తర్వాత ఈ సహాయక కణాలు పెరిగాయి, రక్తంలో ఐఎల్-21 పెరిగింది. స్పందించనివారిలో రెండూ కదల్లేదు. 2012లో బ్లడ్ పత్రికలో వచ్చిన ఈ అధ్యయనం చిన్నదే, పట్టుమని పాతిక మంది కూడా లేరు. అయినా నా దృష్టిలో ఈ రంగంలో మలుపు అదే. సీడీ4 కౌంట్ అనే ఒక్క అంకె ఎందుకు సరిపోదో అది చూపించింది. ఆసుపత్రి కాగితం మీద ఒకేలా కనిపించే ఇద్దరిలో ఒకరికి టీకా పట్టి మరొకరికి ఎందుకు పట్టలేదో దాన్నుంచే అర్థమైంది.

తప్పంతా టి కణాలదే అనుకోవడం కూడా పొరపాటే. 1983లో, అంటే హెచ్‌ఐవీని కనిపెట్టిన ఏడాదే, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో క్లిఫర్డ్ లేన్, ఆంథొనీ ఫౌచీ బృందం ఎయిడ్స్ రోగుల బి కణాలు విపరీతమైన హడావుడిలో ఉన్నాయని గుర్తించింది. ఎవరూ అడక్కుండానే అవి యాంటీబాడీలు కుమ్మరిస్తున్నాయి. రక్తంలో మొత్తం యాంటీబాడీలు మామూలు మనిషికంటే ఎక్కువ. కొత్త టీకా ఇస్తే మాత్రం దానికి కావలసిన యాంటీబాడీ పుట్టదు. అదే సంస్థలో సుసాన్ మోయిర్ ఏళ్ళ తరబడి పనిచేసి దీని లోగుట్టు విప్పింది. జ్ఞాపక బి కణాల్లో ఒక వర్గం అలసిపోయి, పిలిచినా పలకని స్థితికి చేరుతుందని 2008లో చూపించింది. ఎడతెగని వైరస్ ఒత్తిడికి అవి అలా తయారవుతాయి. అంతకు మూడేళ్ళ ముందే ఆ బృందం ఫ్లూ టీకా ఇచ్చి, జ్ఞాపక బి కణాలు దెబ్బతిన్నవారిలో స్పందన కుంటుపడటం గమనించింది.

వీటికి ఒక ముఖ్యమైన మూలం పేగులో ఉంది. హెచ్‌ఐవీ సోకిన తొలి వారాల్లోనే పేగు గోడలోని సీడీ4 కణాలు పెద్దఎత్తున నశిస్తాయి. గోడ సందుల్లోంచి బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి జారుతుంటాయి. 2006లో ఈ సంగతి బయటపడ్డాక, ఒంట్లో ఎప్పుడూ కాకమీద ఉండే వాపు ఎక్కడి నుంచి వస్తోందో చాలావరకు అర్థమైంది. మందులు వాడినా ఆ వాపు పూర్తిగా చల్లారదు. ఏళ్ళు గడిచేకొద్దీ అది లింఫ్ గ్రంథుల్లో మచ్చలు కట్టిస్తుంది. మెత్తగా ఉండాల్సిన చోట కొలాజెన్ పేరుకుపోతుంది. ఆ మచ్చలు ఎంత ఎక్కువ ఉంటే టీకా స్పందన అంత తక్కువని ఉగాండాలో పచ్చజ్వరం టీకా మీద జరిగి 2018లో అచ్చయిన అధ్యయనం చూపింది. అది వేరే టీకా, వేరే వైరస్. అయినా మడి ఒకటే కాబట్టి ఫ్లూ టీకాకూ ఆ మాట వర్తిస్తుందనే నేననుకుంటున్నాను.

వయసు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ముసలితనంలో ఫ్లూ టీకా ఎందుకు సరిగా పట్టదో వెతికినప్పుడు కనిపించేవీ ఇవే: చల్లారని వాపు, అలసిన బి కణాలు, నీరసించిన సహాయక కణాలు. మెనోపాజ్ దాటిన మహిళలకు ఫ్లూ టీకా ఇచ్చి చూసినప్పుడు, హెచ్‌ఐవీ ఉన్నా లేకున్నా, వాపు ఎక్కువ ఉన్నవారిలోనే స్పందన తక్కువ కనిపించింది. ఇరవై ఏళ్ళ కిందట ఏఆర్‌టీ మొదలుపెట్టి బతికి బయటపడిన తరం ఇప్పుడు యాభైలు, అరవైలు దాటుతోంది. వాళ్ళ ఒంట్లో రెండు బరువులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

ఇంతవరకు చదివినవారికి ఫ్లూ టీకా దండగేమో అనిపించవచ్చు. అందుకే రెండో ప్రశ్నకు రావాలి. జబ్బు ఆగిందా?

1999లో అచ్చయిన అమెరికా అధ్యయనంలో హెచ్‌ఐవీ ఉన్న 102 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు టీకా, రెండో జట్టుకు ఉప్పునీటి సూది ఇచ్చారు. టీకా వేసిన 55 మందిలో పరీక్షలో తేలిన ఫ్లూ ఒక్కరికీ రాలేదు. టీకా వేయని 47 మందిలో పది మందికి వచ్చింది. 1996లో న్యూయార్క్‌లో హెచ్‌ఐవీ ఉన్నవారు నివసించే ఒక భవనంలో ఫ్లూ వ్యాపించినప్పుడు కూడా టీకా రక్షణ కనిపించింది. అయితే అది కౌంట్ 100 దాటినవారిలోనే. అంతకంటే దిగువన ఉన్నవారిలో టీకా అక్కరకు రాలేదు. ఆ రోజుల్లో మంచి మందులు అప్పుడప్పుడే వస్తున్నాయని గుర్తుంచుకోవాలి.

బలమైన సాక్ష్యం దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది. రావడానికి కారణమూ ఉంది. హెచ్‌ఐవీ భారం అత్యధికంగా మోస్తున్న దేశం అది. అక్కడి ఆసుపత్రుల లెక్కల ప్రకారం ఫ్లూతో మంచమెక్కి ఆసుపత్రిలో చేరే ముప్పు హెచ్‌ఐవీ ఉన్నవారికి లేనివారికంటే నాలుగు నుంచి ఎనిమిది రెట్లు ఎక్కువ. 2008లో జొహానెస్‌బర్గ్‌లో షబీర్ మాధి బృందం హెచ్‌ఐవీ ఉన్న 506 మంది పెద్దవారి మీద పరీక్ష నిర్వహించింది. టీకా సామర్థ్యం 75.5 శాతమని తేలింది. నిజాయితీగా చెప్పాలంటే ఆ అంకె చుట్టూ ఉన్న అనిశ్చితి చాలా పెద్దది: 9 నుంచి 95 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. ఎందుకంటే ఫ్లూ వచ్చినవారి సంఖ్యే తక్కువ. అయినా దిశ స్పష్టం. యాంటీబాడీలు తగినంత పెరగనివారు ఆ పరీక్షలో చాలామందే ఉన్నారు, జబ్బు మాత్రం బాగా తగ్గింది.

ఆ తర్వాత అదే దేశంలోని సొవెటోలో గర్భిణుల మీద జరిగిన పరీక్ష 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. నా మటుకు నాకు ఈ విషయంలో ఇంతకంటే ఆలోచింపజేసే పరిశోధన లేదు. హెచ్‌ఐవీ లేని గర్భిణులు 2116 మంది, ఉన్నవారు 194 మంది. లేనివారిలో టీకా సామర్థ్యం 50.4 శాతం. ఉన్నవారిలో 57.7 శాతం. యాంటీబాడీల స్పందన ఉన్నవారిలోనే తక్కువ, రక్షణ మాత్రం ఇద్దరికీ ఇంచుమించు సమానం! 1:40 అనే గీత మీద మన నమ్మకాన్ని కదిపే ఫలితం ఇది. గీతకు దిగువన ఉన్న యాంటీబాడీలు కూడా కొంత పనిచేస్తాయి. గతంలో సోకిన ఫ్లూల జ్ఞాపకం టి కణాల్లో ఉంటుంది, దాన్ని ఆ రక్తకణాల బొట్టు పరీక్ష చూడలేదు. వైరస్ మీద హిమాగ్లుటినిన్ పక్కనే న్యూరామినిడేజ్ అనే మరో ప్రోటీన్ ఉంటుంది. దాని మీద పుట్టే యాంటీబాడీలనూ ఆ పరీక్ష లెక్కించదు. ఈ మూడింటిలో ఏది ఎంత అన్నది పంచి చెప్పలేం గానీ, కొలిచినదానికంటే ఎక్కువే జరుగుతోందన్నది ఖాయం. అయితే సొవెటో పరీక్షలో ఒక చేదు కూడా ఉంది. హెచ్‌ఐవీ లేని తల్లుల బిడ్డలకు సగం దాకా రక్షణ దొరికింది. హెచ్‌ఐవీ ఉన్న తల్లుల బిడ్డల విషయంలో అలాంటి రక్షణను ఆ పరీక్ష చూపలేకపోయింది. బిడ్డకు మాయ ద్వారా అందేది తల్లి యాంటీబాడీయే. అక్కడ లెక్క తక్కువైతే తక్కువే అందుతుంది.

పిల్లల సంగతి ఇంకా కష్టం. 2009లో మాధి బృందం హెచ్‌ఐవీ ఉన్న 410 మంది పిల్లల మీద చేసిన పరీక్షలో సామర్థ్యం 17.7 శాతమే, అంటే గణాంకాల లెక్కలో ఏమీ లేనట్టే. ఆ ఏడు ఊళ్ళో తిరిగిన హెచ్3ఎన్2 వైరస్ టీకాలోని వైరస్ నుంచి పక్కకు జరిగిపోవడం ఒక పెద్ద కారణం. ఫ్లూ పాత జ్ఞాపకాలు లేని చిన్న వయసు ఇంకో కారణమని నా అనుమానం. పెద్దవాళ్ళకు టీకా పాత పాఠాన్ని గుర్తుచేస్తుంది. పసిపిల్లలకు కొత్త పాఠం నేర్పాలి, నేర్పేందుకు నారుమడి బాగుండాలి.

ఆ మడి బాగుండాలంటే మందు ఎప్పుడు మొదలైందన్నది కీలకం. తల్లి నుంచి హెచ్‌ఐవీ సంక్రమించిన పిల్లల్లో మొదటి ఏడాదిలోపే ఏఆర్‌టీ అందినవారికి జ్ఞాపక బి కణాలు నిలిచాయి, వేసిన టీకాల యాంటీబాడీలు నిలిచాయి. ఆలస్యంగా అందినవారిలో, తర్వాత వైరస్ అదుపులోకి వచ్చినా, ఆ నష్టం పూడలేదు. 2009లో అచ్చయిన ఈ అధ్యయనం చూసింది తట్టు, ధనుర్వాతం వంటి టీకాలను. పెద్దవారిలోనూ ఇదే పోకడ. ఒకప్పుడు కౌంట్ ఎంత లోతుకు పడిపోయిందన్నది, ఇప్పుడు ఎంత ఉందన్నదానితో పాటు లెక్కలోకి వస్తుంది. అందుకే నేను ఒక మాట గట్టిగా అంటాను: హెచ్‌ఐవీ ఉన్నవారికి ఏ టీకా అయినా పట్టాలంటే ముందు పడాల్సింది ఏఆర్‌టీ బిళ్ళ. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004లో మొదలైంది. కౌంట్‌తో నిమిత్తం లేకుండా పరీక్షలో తేలిన ప్రతి ఒక్కరికీ మందు ఇవ్వడం 2017 నుంచి అమల్లోకి వచ్చింది. కౌంట్ పడిపోయేదాకా ఆగమన్న రోజుల్లో పోగొట్టుకున్నదేమిటో టీకా పరిశోధనలు చూశాక ఇంకా బాగా తెలుస్తుంది.

మరి టీకానే మెరుగుపరిస్తే? ప్రయత్నాలు జరిగాయి. మామూలు ఫ్లూ టీకాలో ఒక్కో వైరస్ రకానికి 15 మైక్రోగ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ఫిలడెల్ఫియాలో 195 మందిలో సగం మందికి మామూలుది, సగం మందికి నాలుగు రెట్ల మోతాదున్నది ఇచ్చారు. హెచ్1ఎన్1 మీద గీత దాటినవారు 87 శాతం నుంచి 96 శాతానికి పెరిగారు. బి రకం మీద 80 నుంచి 91కి. కెనడాలో 298 మందితో చేసిన పరీక్షలో మోతాదు రెట్టింపు చేసినా, రెండో డోసు ఇచ్చినా పెద్ద లాభం కనిపించలేదు. 2009 స్వైన్ ఫ్లూ సమయంలో టీకాకు ఊతంగా కలిపే అడ్జువెంట్లు మాత్రం హెచ్‌ఐవీ ఉన్నవారిలో స్పందనను బాగా పెంచాయి. ఈ మూడూ కలిపి చూస్తే, కొత్త రకం టీకా దొరికితే మేలే. దొరకలేదని మామూలు టీకా వదులుకోవడం మాత్రం తెలివితక్కువ.

ఇంకొక భయం గురించి చెప్పాలి, ఎందుకంటే అది ఇప్పటికీ కొందరు వైద్యుల నోట వినిపిస్తుంది. ఫ్లూ టీకా వేస్తే హెచ్‌ఐవీ పెరుగుతుందట. ఈ మాటకు ఆధారం లేకపోలేదు. 1990లలో, సరైన మందులు లేని కాలంలో, టీకా తర్వాత కొన్నాళ్ళు రక్తంలో వైరస్ కాస్త పెరగడాన్ని కొన్ని అధ్యయనాలు నమోదు చేశాయి. నిద్రపోతున్న సీడీ4 కణాన్ని టీకా లేపితే, అందులో దాగిన వైరస్ కూడా లేస్తుంది. కానీ అది తాత్కాలికం. ఏఆర్‌టీ వాడుతున్నవారిలో ఆ భయానికి చోటు లేదు. అసలు ఫ్లూ జబ్బే వస్తే కణాలను లేపడం టీకాకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త మాత్రం అందరూ పాటించాలి. ముక్కులో చల్లే ఫ్లూ టీకాలో బతికున్న బలహీన వైరస్ ఉంటుంది. హెచ్‌ఐవీ ఉన్నవారు దాన్ని వాడకూడదు. చేతికి వేసే సూదిలో ఉండేది చంపిన వైరస్ ముక్కలే, దానితో ఫ్లూ సోకదు.

ఇక మన ఇంటి సంగతి. దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు సుమారు 25 లక్షలు. వారిలో ఆంధ్రప్రదేశ్‌వారు 3 లక్షలకు పైనే, మహారాష్ట్ర తర్వాత స్థానం మనదే. తెలంగాణలో లక్షన్నర దరిదాపుల్లో ఉన్నారు. ఫ్లూకూ మనకూ ఉన్న పరిచయమూ చిన్నది కాదు. 2009 మేలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు నిర్ధారణ అయింది హైదరాబాదులోనే. 2015 మొదటి నెలల్లో ఆ జబ్బు తెలంగాణను మళ్ళీ అల్లాడించింది. ఆఫ్రికా దేశాల రోగులు వాడే ఏఆర్‌టీ మందుల్లో పెద్ద వాటా హైదరాబాదు కంపెనీలదే. ప్రపంచానికి బిళ్ళ పంపిన ఊరు ఇది. ఆ బిళ్ళతో బతికినవారికి ఫ్లూ టీకా వేయొచ్చని సొవెటో చూపించింది. ఇక్కడ మాత్రం ఫ్లూ టీకా సార్వత్రిక టీకా కార్యక్రమంలో లేదు. బిళ్ళలు ఉచితంగా దొరికే ఏఆర్‌టీ సెంటర్‌కు ప్రతి నెలా వచ్చే కూలీ మనిషి ఈ సూది కావాలంటే ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళి వెయ్యి రూపాయలకు పైగా పెట్టాలి. నాలుగైదు రోజుల కూలి ఒక సూదికి పెట్టమని ఏ కౌన్సెలర్ మాత్రం చెప్పగలడు?

డబ్బుకు తోడు మరో అడ్డు, ఎవరికైనా తెలిసిపోతుందేమోనన్న బెదురు. 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఆ గోప్యతకు రక్షణ ఇస్తోంది. అయినా బెదురు బెదురే. అందుకని ఇది చెప్పడం అవసరం: చేతికి వేసే ఫ్లూ సూది అడగడానికి హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టాల్సిన పని లేదు. షుగర్ ఉన్నవారూ, ఆస్తమా ఉన్నవారూ, అరవై దాటినవారూ వేయించుకునే సూదే అది. ఇంట్లోవాళ్ళంతా కలిసి వేయించుకుంటే ఇంకా మేలు. తన ఒంట్లో స్పందన తక్కువైన మనిషికి చుట్టూ ఉన్నవారి టీకా కూడా అండగా నిలుస్తుంది.

కాలం కూడా చూసుకోవాలి. అమెరికాలో ఫ్లూ టీకా సెప్టెంబరు, అక్టోబరుల్లో వేస్తారు, వాళ్ళకు ఫ్లూ చలికాలంలో వస్తుంది కాబట్టి. మనకు పెద్ద అల వానాకాలంలో వస్తుంది, సంక్రాంతి తర్వాత మరో చిన్న అల. కాబట్టి తెలుగు నేల మీద ఉన్నవారికి ఏప్రిల్, మే నెలలే తగిన వేళ. యాంటీబాడీలు త్వరగా కరిగిపోయేవారికి ఈ సంగతి మరీ ముఖ్యం. అక్టోబరులో వేసిన టీకా మరుసటి ఆగస్టు దాకా వారిలో నిలవడం కష్టం. టీకా ఏటా మారుతుంది. వైరస్ రకాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు ఎంపిక చేస్తుంది. బి వైరస్‌లో యమగాటా అనే శాఖ 2020 మార్చి తర్వాత ఎక్కడా కనిపించలేదు గనుక నాలుగు రకాల టీకా బదులు మూడు రకాలది చాలని 2023లో సలహా ఇచ్చింది. మూడు రకాలది ఇస్తే తక్కువ రకం ఇచ్చారని బాధపడనక్కర్లేదు.

జ్వరం, దగ్గు, ఒళ్ళునొప్పులు మొదలైతే టీకా వేయించుకున్నాను కదా అని ఊరుకోకూడదు. ఒసెల్టమివిర్ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. కౌంట్ తక్కువగా ఉన్నవారు ఆ రెండు రోజులు ఇంట్లో కషాయాలతో గడిపేస్తే న్యుమోనియా దాకా పోవచ్చు.

సాక్ష్యాలన్నీ ముందు పెట్టుకుని చూశాక ప్రభుత్వాలను నేను అడిగేది ఒక్కటే. ఏఆర్‌టీ సెంటర్లలో ఏటా మే నెలలో ఫ్లూ సూది ఉచితంగా వేయండి. మనుషులు అక్కడికి ఎలాగూ వస్తున్నారు, ఫ్రిజ్ ఉంది, నర్సు ఉంది, ప్రతి ఒక్కరి కౌంటూ వైరల్ లోడూ కంప్యూటర్‌లో ఉన్నాయి. ఇది చదివే పాజిటివ్ అక్కచెల్లెళ్ళకూ అన్నదమ్ములకూ నా మనవి: బిళ్ళ ఒక్క రోజూ మానకండి. ఈసారి మందుల కోసం సెంటర్‌కు వెళ్ళినప్పుడు ఫ్లూ సూది గురించి మీ డాక్టరుగారిని నోరు తెరిచి అడగండి. వానలు జూన్‌లో మొదలవుతాయి, సూది పట్టడానికి రెండు వారాలు పడుతుంది.